అన్నీ కావాలని రాసినవే

ఫిబ్రవరి 4, ఆదివారం

ఇవాళ్టి నుంచి రాయక తప్పదు. నేను లెక్కలు చెప్పే పిల్లకి పరీక్షలో వందకి పదకొండు వచ్చాయి. ఈ సంగతి మా ఇంట్లో చెప్పలేను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే రేపు వెళ్లి ఆ పిల్ల మీదే అరిచేస్తాను. అందుకని కాగితానికి చెబుతున్నాను.

నాన్నకి చెబితే నమ్మడు. గోడలకి రంగులు వేసే మనిషి. ఏ ఇంట్లో పని ఉంటే ఆ ఇంటివాళ్లకి నిచ్చెన మీద నుంచే చెబుతాడు, "మా అమ్మాయి డాక్టరుగారి పాపకి లెక్కలు చెబుతుందండీ" అని. అమ్మకి చెబితే భయపడుతుంది. పొద్దుటి నుంచి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చి, గోడకి చేరగిలబడి కాళ్లు చాపుకునే మనిషికి ఇంకో బరువెందుకు? వాళ్లిద్దరి లెక్కలో ఆ పిల్ల తప్పడం అంటే నేను తప్పినట్టే. నాకూ అలాగే ఉంది. కానీ నేను తప్పలేదు కదా. తప్పింది ఆ పిల్ల.

ఇరవై ఆరున మళ్లీ పరీక్ష పెడతారట. అందులోనూ పోతే తొమ్మిదో తరగతిలోనే ఉండిపోవాలి. స్నేహితులంతా పై తరగతికి వెళ్తారు, తను కింది నుంచి వచ్చినవాళ్లతో అదే గదిలో, అవే పుస్తకాలు ముందేసుకుని కూర్చోవాలి. అదే జరిగితే ఇక జన్మలో లెక్కల మొహం చూడదు. అది నాకు బాగా తెలుసు.

వాళ్లమ్మ పళ్ల డాక్టరు. కింద క్లినిక్, పైన ఇల్లు. శుక్రవారం వచ్చి కలవమంది. "మీరసలు ఎలా చెబుతున్నారో నాకు వివరంగా తెలియాలి" అంది. 'అసలు' అన్న మాట నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 5

డాక్టరమ్మకి చెప్పేముందు నా పద్ధతేమిటో ఒకసారి నాకు నేను చెప్పుకోవాలి.

నేను కొత్తగా వెళ్లినప్పుడు ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని తెల్లకాగితం కేసి చూస్తూ కూర్చునేది. "రాయి" అంటే "ఏం రాయాలక్కా?" అనేది. "నీకు తోచింది." "నాకేం తోచట్లేదు." కింద నుంచి డ్రిల్లు మిషను గుయ్యిమంటుండేది. ఎదురుగా షెల్ఫులో పాత పేషెంట్ల ప్లాస్టరు దవడలు వరసగా మమ్మల్ని చూసి ఇకిలిస్తుండేవి. వాటన్నిటికీ ఆ పిల్ల పేర్లు పెట్టింది. ఎత్తుపళ్లాయన, సందుపళ్లావిడ, బోసి మామయ్య. పేర్లు పెట్టడానికి మాత్రం తోచేది.

ఒకరోజు విసుగొచ్చి లెక్క నేనే మొదలుపెట్టాను. రెండో వరసలో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. "అక్కా, అది ప్లస్ కదా" అంది. అంతవరకూ నోరు మెదపని పిల్ల! "అమ్మో, నువ్వు చూడకపోతే మునిగిపోయేదాన్ని" అన్నాను. మొదటిసారి నవ్వింది. (ఆ మైనస్ కావాలని వేశానో లేదో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. కావాలనే అయ్యుంటుంది.)

అదే పద్ధతి అయింది. లెక్క నేను చేస్తాను, మధ్యలో ఎక్కడో ఒక తప్పు దాచిపెడతాను. ఎర్ర పెన్ను తన చేతిలో ఉంటుంది. పట్టుకుంటే గొంతు లావు చేసి "ముద్దాయి లేచి నిలబడాలి" అంటుంది. నేను లేచి నిలబడతాను. "తీర్పేమిటి జడ్జిగారూ?" అంటాను. "ఇంకో లెక్క చెయ్యాలి" అంటుంది. కూర్చుని ఇంకో లెక్క చేస్తాను. ఆ నవ్వులకి కింద నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంట్లు కూడా పైకి చూసేవాళ్లట. మా పాప లెక్కల దగ్గర నవ్వుతోందని డాక్టరమ్మే నలుగురికి చెప్పి నాకు ఇంకో మూడిళ్లు చూపించింది.

అలాంటి పిల్లకి పదకొండు. ప్రశ్నపత్రంలోనే ఏదో తేడా ఉండాలి.

ఇవాళ అడిగాను, ఏమైందని. "టైము సరిపోలేదక్కా" అంది. అంతే.

ఫిబ్రవరి 6

ఇవాళా అదే మాట. టైము సరిపోలేదట. మూడు గంటల పరీక్షకి టైము సరిపోకపోవడానికి ఇదేమైనా గోడలకి రంగు వెయ్యడమా?

ఫిబ్రవరి 7

పాత ప్రశ్నపత్రం ఇచ్చి, "నేనేం మాట్లాడను, నువ్వే చెయ్యి" అని కిటికీ దగ్గర నిలబడ్డాను. వీధిలోకి చూస్తున్నట్టు నటిస్తూ తననే చూశాను.

మొదటి ప్రశ్న: ఒక వస్తువు ధర ఇరవై శాతం పెంచి, పెరిగిన ధర మీద మళ్లీ ఇరవై శాతం తగ్గిస్తే చివరికి ఏమవుతుంది? చకచకా రాసింది. "మారదు, మొదటి ధరే వస్తుంది" అని రాసి, కింద గీత కూడా కొట్టింది. ఈ లెక్క మేము ఎన్నిసార్లు చేశామో! అంతలో నింపాదిగా ఎర్ర పెన్ను తీసింది. రాసినదాన్ని సున్నా చుట్టి, పక్కన "తగ్గించేది పెరిగిన ధర మీద" అని రాసి, మళ్లీ మొదటి నుంచి చేసి, నాలుగు శాతం తగ్గుతుందని రాసింది. కచ్చితంగా కరెక్టు. ఒక్క అంకె పొల్లుపోలేదు.

రెండో ప్రశ్నకీ అంతే. ముందు తప్పు. తర్వాత ఎర్ర పెన్ను. తర్వాత కరెక్టు.

"ఇదేంటే?" అన్నాను.

"ఏది?"

"కరెక్టుగా వచ్చినప్పుడు ముందు ఆ తప్పెందుకు రాశావు?"

నేనేదో వెర్రి ప్రశ్న అడిగినట్టు చూసింది. "ముందు తప్పు రాయాలి కదక్కా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు అలాగే చేస్తారుగా. అంత చదివిన మీకే మొదటిసారి తప్పొస్తుంది, నాకు డైరెక్టుగా ఎలా వస్తుంది? ముందు తప్పు రాసుకుంటే ఎక్కడ తప్పో కనిపిస్తుంది. అప్పుడు తేలిక."

"పరీక్షలో కూడా ఇలాగే రాశావా?"

"ఊఁ. అందుకే టైము సరిపోలేదన్నాగా." ఎర్ర పెన్నుకి మూత పెడుతూ, "పైగా మా సార్ ఒక లెక్క రెండుసార్లు చేస్తే మొదటిదే దిద్దుతాడట. రెండోది చూడనే చూడడట. అన్యాయం కదక్కా?"

అన్యాయమే అన్నాను. ఇంకేమంటాను? సంచీ తీసుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 8

నిన్నటి నుంచి ఒళ్లు మండిపోతోంది. తొమ్మిదో తరగతి పిల్లకి ఆమాత్రం తెలియదా? పాఠం చెప్పే మనిషి ప్రతి లెక్కలో సరిగ్గా ఒకే ఒక్క తప్పు చేస్తుంటే అనుమానం రాదా? వాళ్లమ్మ పళ్లు పీకేటప్పుడు ముందు పక్క పన్ను పీకి తర్వాత అసలుది పీకుతుందా?

అని రాశాను గానీ తను అలా ఎందుకనుకుందో నాకు తెలుసు. నేను బాగా నటించాను. "అయ్యో రామా, మళ్లీ తప్పేనా!" అని నెత్తి కొట్టుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పాలా వద్దా? అవి నేను దాచిపెట్టిన తప్పులని చెబితే, జడ్జిగారు ఇన్నాళ్లూ ఇచ్చిన తీర్పులన్నీ బొమ్మలాట అయిపోతాయి. ఆ పిల్లకి లెక్కల్లో ఉన్న ధైర్యమల్లా ఆ ఎర్ర పెన్నే. చెప్పకపోతే ఇరవై ఆరున మళ్లీ ముందు తప్పు రాస్తుంది, ఆ సారు మళ్లీ అదే దిద్దుతాడు.

మధ్యేమార్గం ఆలోచించాను. దాచిన సంగతి ఎత్తకుండా, "పరీక్షలో మాత్రం ముందే కరెక్టు రాయి" అన్నాను. సరేనంది. పెన్సిలు పట్టుకుంది. కాగితం కేసి చూస్తూ కూర్చుంది. కూర్చుంది. నేను కొత్తగా వెళ్లినప్పుడు ఎలా కూర్చునేదో అచ్చం అలాగే.

"రాయి."

"కరెక్టేదో ముందే తెలిస్తే ఇంక రాయడమెందుకక్కా?"

ఎత్తుపళ్లాయన ఇకిలిస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

డాక్టరమ్మని కలిశాను. ఇద్దరు పేషెంట్ల మధ్య కాస్త ఖాళీలో పిలిచింది. మాస్కు తియ్యలేదు. కళ్లు మాత్రమే కనిపిస్తుంటే ఆ మనిషి మెచ్చుకుంటోందో తిడుతోందో తెలుసుకోవడం కష్టం.

నేను బాగానే మాట్లాడాను. నిన్న సాయంత్రం తయారు చేసుకున్నదంతా అప్పజెప్పాను. పిల్లలకి భయం పోవాలంటే ముందు గెలిచిన రుచి తెలియాలని, పొరపాటు పట్టుకోవాలంటే సరైనది తెలిసి ఉండాలని, కాబట్టి తప్పు పట్టడం కూడా నేర్చుకోవడమేనని. చెబుతుంటే నాకే ముచ్చటేసింది.

"అంటే మీరు కావాలని తప్పు రాస్తారు" అంది.

"కావాలనేనండి."

"అన్నీనా?"

"అన్నీ అండి."

"నిజంగా లెక్క రాక తప్పు చెయ్యడం లేదు కదా? నేను తెలుసుకోవాలి కదమ్మా, తల్లిని."

"అయ్యో, లేదండి."

గ్లౌజులు తీసి బుట్టలో పడేసింది. "సరే. ఇరవై ఆరు దాకా చూస్తాను. ఆ తర్వాత కోచింగ్ సెంటరులో చేర్పిస్తాను. అక్కడ అరవై మందిని ఒకేసారి కూర్చోబెట్టి రుద్దుతారు, నవ్వులాటలేం ఉండవు."

పాపకి ఈ సంగతి చెప్పొద్దండీ, నేనే మెల్లగా చెబుతాను అని అనాలనుకున్నాను. ఈలోగా బుగ్గ పట్టుకుని ఒకాయన లోపలికొచ్చేశాడు.

ఆ రైలు లెక్క సంగతి ఆవిడకి తెలియాల్సిన పనేం లేదు.

ఫిబ్రవరి 10

లెక్క మొదలుపెడితే ఒక నక్షత్రం, పూర్తి చేస్తే రెండు నక్షత్రాలు. మెరిసే స్టిక్కర్లు కొనుక్కెళ్లాను.

"నేనేమైనా ఎల్‌కేజీనా?" అంది. నక్షత్రాలన్నీ బోసి మామయ్య చిగుళ్లకి అంటించింది. ఇప్పుడాయనకి మెరిసే పళ్లొచ్చాయి.

ఫిబ్రవరి 12

టైమరు పెట్టాను. టిక్కు టిక్కుమంటుంటే ఆ పిల్ల చేతులు చల్లబడిపోయాయి. పట్టుకుని చూశాను. టైమరు సంచీలో పెట్టేశాను.

ఫిబ్రవరి 13

ఇవాళ అరిచాను. అరవకూడదనే కదా ఈ డైరీ మొదలుపెట్టింది.

అరుపు కాదు, ఉపన్యాసం. అది ఇంకా హీనం. "మా ఇంట్లో నాకంటే ముందు బడిలో నిలిచి చదివినవాళ్లు లేరు తెలుసా? ఒక్క గదిలో ముగ్గురం. అమ్మ వంట చేస్తుంటే ఆ పొయ్యి పక్కన కూర్చుని చదివాను. అడిగి చెప్పించుకుందామంటే ఎవరూ లేరు. నీకేం తక్కువ? గది ఉంది, లైటుంది, నేనున్నాను" అని. ఈ ఉపన్యాసం నాలుగిళ్లలోనూ ఇస్తాను. ఇచ్చినప్పుడల్లా మా గది ఇంకాస్త ఇరుకవుతుంది.

అంతా విని, "మీ కష్టాలు నేనెలా పడనక్కా?" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. "మీకు పాసు మార్కులొస్తే మీ నాన్నగారు వీధంతా చెప్పుకున్నారని మీరే అన్నారుగా. మా ఇంట్లో నాకు ఎనభై వస్తే అమ్మ, మిగతా ఇరవై ఏమయ్యాయని అడుగుతుంది. నేను కరెక్టు చేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. మీ తప్పు పట్టినప్పుడు మాత్రం మీరు లేచి నిలబడతారు."

ఆ తర్వాత గంటసేపు ఏం చెప్పానో నాకే తెలియదు.

ఇంటికొస్తే నాన్న మొహం చూసి కనిపెట్టాడు. "ఏం తల్లీ, శిష్యురాలు మాట వినట్లేదా? నాలుగు తగిలించకపోయావా?"

"నీకు తగిలిస్తే నువ్వు చదివావా?" అంది అమ్మ.

"నేనా? ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు మేష్టారు. ఆ సాయంత్రమే సున్నం డబ్బా పట్టుకున్నా. ఇప్పటికీ దింపలేదు." తన జోకుకి తనే పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

ఫిబ్రవరి 14

ఏం చెయ్యాలో తోచక మళ్లీ పాత పద్ధతే. నేనే రాశాను, తప్పు దాచాను. పట్టుకుంది. లేచి నిలబడ్డాను. నవ్వింది. హాయిగా ఉంది.

ఇదేం బాగుపడే లక్షణం కాదని తెలుసు. పన్నెండు రోజులే ఉంది.

ఫిబ్రవరి 15

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

నేను వెళ్లేసరికి టేబుల్ దగ్గర ఎవరూ లేరు. పిల్ల గది తలుపు వేసుంది. డాక్టరమ్మ కింద నుంచి వచ్చింది. మాస్కు గడ్డం కిందకి లాగి ఉంది. పొద్దున ఇద్దరికీ మాటా మాటా పెరిగిందట. కోచింగ్ సెంటరు మాటెత్తితే, పిల్ల "నాకు లెక్కలు వచ్చమ్మా, అక్క తప్పులు కూడా నేనే పడతాను" అందట. దానికి ఈవిడ, "అవన్నీ అక్క నీకోసం కావాలని రాసినవే, నువ్వేదో పొడిచేస్తున్నావనుకుంటున్నావా?" అందట.

"చెప్పకూడదా ఏంటి? నిజమే కదా" అంది నాతో.

నేను తలుపు దగ్గరికి వెళ్లి పిలిచాను. లోపల్నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అక్కా, అన్నీనా?" అంది లోపల్నుంచి.

డాక్టరమ్మ నా పక్కనే ఉంది. చేతులు కట్టుకుని నా జవాబు కోసం ఆవిడా చూస్తోంది. శుక్రవారం ఆవిడకి నేనేం చెప్పానో మా ఇద్దరికీ గుర్తుంది.

"అన్నీ" అన్నాను.

"ఆ రైలుది కూడానా?"

"అదీ అంతే."

"థాంక్యూ టీచర్" అంది.

అక్కా అని అనలేదు. టీచర్ అంది.

ఫిబ్రవరి 16

వెళ్లలేదు. కొన్నాళ్లు రావద్దని డాక్టరమ్మ మెసేజ్ పెట్టింది.

ఫిబ్రవరి 17, శనివారం

ఆ రైలు లెక్క ఇది. నూట యాభై మీటర్ల పొడవున్న రైలు రెండు వందల యాభై మీటర్ల వంతెనని ఇరవై సెకన్లలో దాటింది, వేగమెంత? నేను రెండు వందల యాభైని ఇరవైతో భాగించి జవాబు కింద గీత కొట్టేశాను. ఆ పిల్ల చాలాసేపు కాగితం కేసి చూసింది. వేళ్లతో టేబుల్ మీద రైలు నడిపింది. "అక్కా, ఇంజను దాటింది గానీ రైలు తోక ఇంకా వంతెన మీదే ఉంది" అంది. రైలు పొడవు కూడా కలపాలి. నేను కలపలేదు. దాచలేదు, నటించలేదు. మర్చిపోయాను. అయినా "శభాష్ జడ్జిగారూ, కనిపెట్టేశావు" అన్నాను, కావాలని పెట్టిన తప్పు పట్టుకున్నప్పుడు ఎలా అంటానో అలాగే.

అదొక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. శంకువు ఘనపరిమాణంలో మూడో వంతు మర్చిపోయింది నిజంగానే. "ఇది శంకువు కాదక్కా, డబ్బా అయిపోయింది" అంది. వడ్డీ లెక్కలో నెలల్ని సంవత్సరాలుగా తీసుకున్నదీ నిజమే. ఇంకా ఉన్నాయి. నేను కావాలని దాచినవి తేలికవి, ప్లస్సులూ మైనస్సులూ, ఎవరైనా పట్టేస్తారు. కష్టమైనవి, ఆ పిల్ల నిమిషాల తరబడి ఆలోచించి పట్టుకుని కుర్చీలోంచి ఎగిరి గంతేసినవి, దాదాపు అన్నీ నా సొంత తప్పులే. పద్ధతి అని పేరు పెట్టుకున్నాక వాటిని కూడా అందులో కలిపేసుకున్నాను. కొన్నాళ్లకి నేనే నమ్మేశాను.

నిన్నటి దాకా నేను బాధపడింది, దాచిన తప్పుల సంగతి బయటపడితే ఆ పిల్ల ధైర్యం పోతుందని. ఇప్పుడు పోయింది దాచినవాటి వల్ల కాదు. 'అన్నీ' అన్న ఒక్క మాటతో తను నిజంగా గెలిచినవి కూడా లాక్కున్నాను. ఇరవై ఆరున పరీక్ష గదిలో కూర్చుంటే తను నమ్ముకోవడానికి ఏమీ మిగల్చలేదు. రైలు తోక వంతెన మీదే ఉందని కనిపెట్టిన పిల్లకి, అది నేను చూపిస్తేనే కనిపించిందని చెప్పి వచ్చాను.

సాయంత్రం నాన్నకి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అమ్మ కూడా విన్నది.

"చెప్పకు" అన్నాడు నాన్న వెంటనే. "డాక్టరమ్మకి తెలిస్తే తీసేస్తుంది. ఆవిడ తీసేస్తే మిగతా ఇళ్లూ పోతాయి."

"పిల్ల పరీక్ష తప్పితే?"

"తప్పితే వచ్చే ఏడాది రాసుకుంటుంది. వాళ్లకేం లోటు? నువ్వు తప్పులు చేస్తావని బయటికి పొక్కితే మళ్లీ ఎవరు పిలుస్తారు నిన్ను? ఇంత చదివి..." ఆగాడు. "నువ్వేమిటి తల్లీ, తప్పులు చెయ్యడమేమిటి!"

ఆయన కోప్పడటం లేదు. నమ్మలేకపోతున్నాడు. కరెంటు బిల్లు నేను చదివితే అదే బిల్లు. మందుసీసా మీద ఎన్ని చెంచాలో నేను చెబితే అన్నే చెంచాలు. బ్యాంకు కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాడు. ఈ ఇంట్లో నేను చదివింది సరో కాదో చూడగలిగినవాళ్లు ఎప్పుడూ లేరు. ఎన్నిసార్లు తప్పు చదివానో నాకైనా తెలియదు.

"ఆ పిల్ల అన్నం తింటోందా?" అంది అమ్మ.

"తెలియదమ్మా."

"కనుక్కో" అని లేచి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 18

ఒకటి గమనించాను. చిన్నప్పుడు బడిలో నా పుస్తకాలు దిద్దినవాళ్లు వేరు. నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టి ఆపి, "ఇది తప్పు, ఇలా" అన్న మనిషి ఈ పిల్ల ఒక్కతే. నాకు అది ఇష్టంగా ఉండేది. జీతం ఇచ్చి మరీ పిలిపించుకునేవాళ్ల దగ్గర ఆ మాట ఎలా చెబుతాం?

ఫిబ్రవరి 19, సోమవారం

రేపు పొద్దున క్లినిక్ తెరిచే వేళకి వెళ్లి పాపకి రాసిన ఉత్తరం డాక్టరమ్మ చేతికే ఇస్తాను. కవరు అంటించను. ముందు ఆవిడ చదువుతుంది, చదవనీ. తను చదివాక కూడా పాపకి ఇస్తుందనే నమ్మకం. పన్ను పీకేముందు నొప్పి పుడుతుందని పేషెంటుకి చెప్పే మనిషే ఆవిడ.

నాలుగుసార్లు చించి రాశాను. చివరికి తేలింది ఇది. ఇక్కడ కూడా ఎత్తి రాసుకుంటున్నాను, ఇచ్చాక ఇలా రాయలేదని నాకు నేను చెప్పుకోకుండా.

జడ్జిగారికి,

గురువారం నీ గది బయట నిలబడి నేను అబద్ధం చెప్పాను. అన్నీ కావాలని రాసినవి కాదు. ప్లస్సులు మైనస్సులు మార్చినవి, గుణకారంలో పదుల అంకె కలపకుండా ఎగ్గొట్టినవి కావాలని చేశాను. నిన్ను మాట్లాడించడానికి మొదలుపెట్టి, నువ్వు నవ్వుతున్నావు కదా అని ఆపలేకపోయాను. కానీ రైలు లెక్కలో నేను నిజంగా తప్పు చేశాను. శంకువులో కూడా. వడ్డీ లెక్కలో కూడా. అవి నాకు తెలియలేదు, నీకు తెలిసింది. నువ్వు వేళ్లతో టేబుల్ మీద రైలు నడుపుతున్నప్పుడు నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కాలేదు. నేను చూపించలేదు. నీకే కనిపించింది.

మీ అమ్మగారు పక్కన ఉన్నారని భయపడి అన్నీ అన్నాను. ఇది మీ అమ్మగారు కూడా చదువుతారు. లెక్కలు సరిగ్గా రానిదాన్ని పెట్టుకున్నామని ఆవిడ అనుకుంటే అనుకోవచ్చు. లెక్కలు చేస్తాను, చాలావరకు వస్తాయి, కొన్నిసార్లు తప్పుతాను.

లెక్క తెలిసినవాళ్లు ముందు తప్పు రాసి తర్వాత దిద్దుతారని నువ్వు నా వల్ల అనుకున్నావు. అలా కాదు. నీకు తోచింది రాయి, అంతే. అది కరెక్టయితే వదిలేసి తర్వాతదానికి వెళ్లిపో. తప్పయితే నీకే కనిపిస్తుంది, అది కనిపెట్టడం నీకు నాకంటే బాగా వచ్చు. తప్పు కావాలని మాత్రం రాయకు. మీ సార్ మొదటిదే దిద్దుతాడు. నేను వచ్చినా రాకపోయినా ఈ మాట గుర్తుపెట్టుకో.

పరీక్ష సోమవారం. నన్ను రమ్మంటే శుక్రవారం నుంచి మూడు రోజులు ఉంటాయి. ఈసారి నీ లెక్క నేను మొదలుపెట్టను. ఒకే లెక్క ఇద్దరం విడివిడిగా మన మన కాగితాల మీద చేద్దాం. నువ్వు ఖాళీ కాగితం ముందు ఎంతసేపు కూర్చుంటే నేనూ అంతసేపు కూర్చుంటాను. తర్వాత నాది నువ్వు దిద్దు, నీది నేను దిద్దుతాను.

కోచింగ్ సెంటరా, నేనా, ఎవరూ వద్దా అన్నది ఇంతవరకూ మీ అమ్మగారూ నేనే మాట్లాడుకున్నాం. నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నేను రావాలా? ఇరవై రెండు, గురువారం సాయంత్రంలోగా చెప్పు. అక్కా అని పిలవకపోయినా ఫరవాలేదు, వద్దన్నా ఫరవాలేదు. ఆ జవాబు మాత్రం నువ్వే రాయి.